గణితం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: 111111111 వర్గం 12345678987654321. ఎటునుంచి చదివినా ఒకటే. మరి పది ఒకట్లు తీసుకుంటే ఈ వరస ఎందుకు చెడుతోంది?

జవాబు: కాగితం మీద బడిపద్ధతిలో హెచ్చవేసి చూడండి. తొమ్మిది వరసల్లోనూ 111111111 ఉంటుంది, ఒక్కో వరస ఒక్కో స్థానం ఎడమకు జరుగుతుంది. నిలువుగా కూడితే ఒకట్ల స్థానంలో 1, పదుల స్థానంలో 2, అలా పెరిగి మధ్యలో 9, అక్కడినుంచి తగ్గుతూ 1. ఏ మొత్తమూ తొమ్మిది దాటలేదు కాబట్టి పక్క స్థానానికి ఏదీ పోదు. అసలు రహస్యం అంతే.

పది ఒకట్లయితే మధ్య మొత్తం 10. సున్నా వేసి ఒకటి ఎడమకు పంపాలి. అక్కడున్న 9 కూడా పది అవుతుంది, మళ్లీ సున్నా. ఆ పక్కనున్న 8 తొమ్మిదవుతుంది. ఫలితం 1234567900987654321. కుడి సగం చెక్కుచెదరలేదు, ఎడమ సగమే పాడైంది.

ఈ సరదా పాతదే. తొమ్మిదో శతాబ్దపు మహావీరాచార్యుడి గణితసారసంగ్రహంలో 27994681ని 441తో హెచ్చవేసే లెక్క ఉంది. జవాబు 12345654321. మొదటిది 5291 వర్గం, రెండోది 21 వర్గం. 5291ని 21తో హెచ్చవేస్తే 111111. ఆ గ్రంథాన్ని తెలుగులోకి తెచ్చినవాడు పావులూరి మల్లన.

ప్రశ్న: 12345678987654321ని ఎక్సెల్‌లో కొడితే చివర 300 అని చూపిస్తోంది. సెల్ వెడల్పు పెంచినా మారలేదు.

జవాబు: వెడల్పుతో పనిలేదు. ఎక్సెల్ 15 అంకెలే ఉంచుకుని మిగతావి సున్నాలు చేస్తుంది. మీది 17 అంకెలది. ముందే సెల్‌ను టెక్స్ట్‌గా మార్చి కొడితే అంకెలన్నీ కనబడతాయి, కానీ దాంతో లెక్క చేయగానే మళ్లీ అదే గొడవ. జావాస్క్రిప్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషలో మామూలు సంఖ్యగా రాస్తే 12345678987654320 వస్తుంది. 9007199254740992 (రెండును 53 సార్లు హెచ్చవేస్తే వచ్చేది) దాటాక ఆ పద్ధతిలో బేసి సంఖ్యలకు చోటుండదు. ఒక సంఖ్య పాలిండ్రోమ్ (ఎటునుంచి చదివినా ఒకటే అయ్యేది) అవునా కాదా అని ప్రోగ్రాం రాసేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు: తిప్పి పోల్చే పద్ధతి సరైనదే, చేతికొచ్చిన సంఖ్యే తప్పు. పైథాన్ భాషలోని పూర్ణాంకాలకు, జావాస్క్రిప్ట్‌లో పెద్ద పూర్ణాంకాల కోసం ఉన్న బిగ్‌ఇంట్‌కు ఈ బాధ లేదు.

ప్రశ్న: 12345678987654321 ప్రధాన కారణాంకాలు చేత్తో కనుక్కోవచ్చా?

జవాబు: పెద్ద సంఖ్య జోలికి పోకండి, వర్గమూలాన్ని పట్టుకోండి. 111111111ని 9తో భాగిస్తే 12345679 (ఎనిమిది లేదు, గమనించారా?). దాన్ని 37తో భాగిస్తే 333667, ఇది ప్రధాన సంఖ్య. కాబట్టి మన సంఖ్య 3 నాలుగుసార్లు, 37 రెండుసార్లు, 333667 రెండుసార్లు కలిసిన లబ్ధం. 4, 2, 2లకు ఒక్కొక్కటి కలిపి హెచ్చవేస్తే భాజకాలు 5×3×3 = 45.

అంకెల సంఖ్య సరిసంఖ్య అయిన పాలిండ్రోమ్‌లకు ఇంత శ్రమ అక్కర్లేదు. ముందు 11తో భాగించండి, తప్పకుండా పోతుంది. వాటిలో ప్రధాన సంఖ్య 11 ఒక్కటే.