కుక్కల గూటికి కావాల్సింది గాలి, టార్పాలిన్ కాదు

ప్రశ్న: మాది విశాఖ జిల్లా పద్మనాభం మండలం. జీడిమామిడి తోటలో గొర్రెలు, నాటుకోళ్లు పెంచుతున్నాం. కాపలాకు మూడు నాటు కుక్కలు ఉన్నాయి. వాటిలో ఆడదానికి 45 రోజుల పిల్లలు నాలుగు. అన్నీ సిమెంటు గచ్చు వేసిన రేకుల షెడ్డులోనే పడుకుంటాయి. చలి పెరిగిందని చుట్టూ టార్పాలిన్ బిగించి, గోనెసంచులు పరిచి, ఎల్ఈడీ బల్బు వేలాడదీశాం. రాత్రుళ్లు బొగ్గుల కుంపటి కూడా పెడుతున్నాం. అయినా పెద్ద మగకుక్కలు రెండూ వారం నుంచి గొంతులో ఏదో అడ్డుపడ్డట్టు దగ్గుతున్నాయి. ఎముక ఇరుక్కుందేమోనని ఒకదాని నోట్లో చెయ్యి పెట్టి చూశాం, ఏమీ లేదు. తిండి బాగానే తింటున్నాయి. ఒక పిల్లకు మాత్రం కళ్లలో పుసులు, ముక్కు కారడం. మందుల షాపులో జలుబు సిరప్, నొప్పుల మాత్రలు ఇచ్చారు. చలి తగలకుండా ఇంకా ఏం చెయ్యాలి?

జవాబు: ముందు మీ చెయ్యి సంగతి. కుక్కలకు రేబిస్ టీకా వేయించిన మాట ఉత్తరంలో ఎక్కడా లేదు. రేబిస్‌లో దవడ పడిపోయి మింగలేని కుక్క కూడా అచ్చం ఎముక ఇరుక్కున్నట్టే కనిపిస్తుంది. మీవి తింటున్నాయి కాబట్టి అది అయ్యే అవకాశం తక్కువే. అయినా చేతి మీద గీతో పుండో ఉండి చొంగ తగిలి ఉంటే సబ్బుతో ధారగా పారే నీటి కింద 15 నిమిషాలు కడుక్కుని, ఇవాళే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లండి. చర్మంలోకి వేసే టీకా 0, 3, 7, 28 రోజుల్లో ఇస్తారు. టీకా లేని కుక్క నోట్లో ఇకమీదట వేలు కూడా పెట్టకండి.

ఇక దగ్గు. అది చలి వల్ల వచ్చింది కాదు. విశాఖ తీరంలో డిసెంబరు, జనవరి రాత్రుల్లో సాధారణంగా 17, 18 డిగ్రీలుంటుంది. మీ వైపు ఇంకాస్త తగ్గినా, ఒళ్లు ఆరి ఉన్న పెద్ద నాటు కుక్కకు అదొక చలే కాదు. మీరు రాసిన లక్షణాలు కెన్నెల్ దగ్గువి, అంటే కుక్క నుంచి కుక్కకు అంటుకునే దగ్గువి. గాలి ఆడని చోట ఒక కుక్క దగ్గితే మిగతావాటికి 3 నుంచి 10 రోజుల్లో అంటుకుంటుంది. టార్పాలిన్ బిగించి ఆ పని మీరే సులువు చేశారు. పైగా కుంపటి. పొగ గొంతును గీరుతుంది. బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, మూసిన షెడ్డులో తెల్లారేసరికి ప్రాణం తీస్తుంది. కుంపటి ఈ రాత్రి నుంచే మానేయండి.

తెల్లవారుజామున వెళ్లి రేకు కింద చెయ్యి పెట్టి చూడండి. చేతికి నీటిచుక్కలు అంటుకుంటాయి. అది పైనుంచి కురిసిన మంచు కాదు, కుక్కల ఊపిరిలోని తేమే చల్లని రేకుకు తగిలి నీరవుతుంది. అదే గోనెసంచుల మీద పడుతుంది. సంచి ఆ తడిని పీల్చుకుని పొద్దెక్కేదాకా వదలదు. అలాగే వంగి, తల కుక్క ఎత్తుకు దించి గాలి పీల్చండి. కళ్లు మండితే అది మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా. మీరు నిలబడి చూస్తే తెలియదు, రాత్రంతా పీల్చేది అవి.

టార్పాలిన్ విప్పేసి పెద్ద కుక్కలకు విడివిడిగా గూళ్లు కట్టండి. మీ నాటు కుక్క సైజుకు లోపలి కొలత పొడవు 3 అడుగులు, వెడల్పు రెండుంపావు, ఎత్తు రెండున్నర చాలు. పెద్ద గూడు మంచిదనుకుంటారు గానీ, అందులో కుక్క ఒంటి వేడి నిలవదు. అడుగు చెక్క నేలకు 6 అంగుళాల ఎత్తున ఉండాలి. పాత ప్యాలెట్ చెక్కలు వాడితే ‘ఎంబీ’ ముద్ర ఉన్నవి తీసుకోవద్దు, వాటికి విషవాయువు పట్టించి ఉంటారు. ‘హెచ్‌టీ’ ముద్రవి వేడి చేసినవి, పర్లేదు. వాకిలి అడుగు వెడల్పు, అడుగున్నర ఎత్తు. మధ్యలో పెట్టకుండా ఒక మూలకు జరిపి, పక్కనే లోపల ఒక అడ్డుపలక కొట్టండి, గాలి సూటిగా పడక మీదికి రాదు. వాకిలి దక్షిణానికి ఉంటే ఈశాన్యపు గాలివాన కొట్టదు, చలికాలపు ఎండ లోపలికి పడుతుంది. వాస్తు చూసి తూర్పుకు పెట్టేవాళ్లూ ఉన్నారు, కుక్కకు దాంతో పనిలేదు. చూరు కింద రెండువైపులా 2 అంగుళాల సందు వదలండి. చలిగాలి వస్తుందని దాన్ని గుడ్డలతో కుక్కారో, మళ్లీ మొదటికే వస్తుంది. పైన రేకే వేస్తే దాని మీద తాటాకు కప్పండి.

లోపల రెండు రోజులు ఎండబెట్టిన వరిగడ్డి జానెడు మందాన పరిచి, వారానికోసారి మార్చండి. పాత గడ్డిని తగలబెట్టండి, పిడుదులూ పోతాయి. ఊక వద్దు, ఆ దుమ్ముకు దగ్గు ముదురుతుంది.

బల్బు తీసేయండి. ఎల్ఈడీ వెలుగిస్తుంది గానీ వెచ్చదనం ఇవ్వదు. 45 రోజుల పిల్లలకు ఆ వేడి అక్కర్లేదు కూడా. వణకడం కూడా చేతకాని మొదటి రెండు వారాల పిల్లలకే అది కావాలి. అప్పుడైతే 60 వాట్ల ఫిలమెంట్ బల్బును ఒక మూలన, రెండడుగుల ఎత్తున, తీగ పంటికి అందకుండా కట్టాలి. పిల్లలు ఒకదానిమీద ఒకటి గుట్టపడితే చలి, బల్బుకు దూరంగా చెదిరి రొప్పుతుంటే వేడి ఎక్కువని అర్థం.

షాపులో ఇచ్చినవి ఆపండి. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పుల మాత్రలు కుక్కకు పేగుల్లో పుండ్లు చేసి, మూత్రపిండాలు దెబ్బతీస్తాయి. మనుషుల జలుబు సిరప్పుల్లో గుండె వేగం పెంచే మందులుంటాయి. కౌంటర్ దగ్గర నిలబడి ‘కుక్కకు దగ్గు’ అంటే మందు ఇచ్చేవాడికి దాని బరువూ తెలియదు, జ్వరమూ తెలియదు. ఆసనంలో థర్మామీటర్ పెట్టి చూడండి. 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్ మామూలే. 103 దాటితే, లేదా తిండి మానేస్తే పశువైద్యుడికి చూపించండి. ఆయన రాస్తే 20 కిలోల కుక్కకు డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ 100 మి.గ్రా. పొద్దున, సాయంత్రం, తిండి తర్వాత, 10 రోజులు. పాలిచ్చే తల్లికి, పిల్లలకు ఇది వద్దు. జ్వరం లేకపోతే దగ్గు 10–14 రోజుల్లో దానంతటదే తగ్గుతుంది. అన్నాళ్లూ మెడపట్టీ తీసేయండి.

పుసులు పట్టిన పిల్ల సంగతి వేరు. నాకు డిస్టెంపర్ అనుమానం, అది కుక్కలకు వచ్చే ప్రమాదకరమైన వైరస్ జబ్బు. ఇవాళే విడదీసి, దాని గిన్నె వేరు చేసి, ఆసుపత్రికి తీసుకెళ్లండి. అరికాళ్లు గట్టిపడటం, దవడ కొట్టుకోవడం, కాలు అదరడం కనిపిస్తే పరిస్థితి చెయ్యి దాటుతున్నట్టే. ఆ వైరస్‌ను చంపే మందు లేదు. గచ్చును ముందు సబ్బునీళ్లతో కడగాలి. మూత్రం మీద బ్లీచింగ్ పడితే విషవాయువు వస్తుంది. ఆ తర్వాత లీటరు నీటికి 30 గ్రాముల బ్లీచింగ్ కలిపి పోసి, 10 నిమిషాలుంచి కడిగి ఆరబెట్టండి.

మిగతా పిల్లలకు జ్వరం, దగ్గు లేవని డాక్టర్ చూసి చెబితే డిస్టెంపర్, పార్వో (రక్త విరేచనాలు చేసే వైరస్ జబ్బు) కలిసిన టీకా ఇప్పుడే మొదలుపెట్టాలి. తర్వాత 3–4 వారాలకోసారి, 16 వారాలు నిండేదాకా. ఒక్క సూదితో ఆపేస్తే తల్లిపాల నుంచి వచ్చిన రక్షణే ఆ టీకాను పని చేయనివ్వదు. రేబిస్ మూడు నెలలు నిండాక, ఆపై ఏటా. పెద్దవాటికి దగ్గు తగ్గగానే రేబిస్‌తో పాటు లెప్టోస్పైరోసిస్ టీకా కూడా వేయించండి. అది ఎలుకల మూత్రం నుంచి అంటుకునే జబ్బు, దాణా ఉన్నచోట ఎలుకలు తప్పవు కదా. లెప్టో రెండో డోసు 3–4 వారాలకు. టీకా సీసా మీరే కొని తెస్తే 2–8 డిగ్రీల్లో, ఐసు పెట్టిన డబ్బాలో తేవాలి. బండి డిక్కీలో ప్లాస్టిక్ కవర్‌లో ఎండలో వచ్చిన సీసా అయితే వెయ్యొద్దని డాక్టర్‌కు మీరే చెప్పండి.