చలికి వరి నారు పసుపెక్కేది యూరియా లేక కాదు

రెండుసార్లు యూరియా చల్లినా డిసెంబరు నారు పచ్చబడలేదు, పక్క మడిలో క్యాబేజీ మాత్రం నిగనిగలాడుతోంది, తేడా ఎక్కడుంది అని అడిగారు. ఆకులోని కొవ్వులో ఉందండీ. మాది యాసంగి వరి వేసే ఇల్లు, పైగా ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం ఆరు నెలలు వరి ఆకుల్లోంచి కొవ్వులు తీశాను, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

పత్రహరితం ఊరికే తేలుతూ ఉండదు, ఆకు కణంలో ఆహారం తయారుచేసే క్లోరోప్లాస్ట్ లోపలి థైలకాయిడ్ అనే పల్చటి పొరల్లో కుదురుకుని ఉంటుంది. ఆ పొరల కొవ్వులో సుమారు ముప్పావు వంతు గెలాక్టోలిపిడ్లే, అంటే ఫాస్ఫేటుకు బదులు చక్కెర తగిలించుకున్న కొవ్వులు. నేలలో భాస్వరం దొరకడం కష్టం కాబట్టి మొక్క ఇంత పెద్ద పొరను చక్కెరతోనే కట్టుకుంది. ఎన్నిసార్లు చదివినా నాకు ఇది అద్భుతంగానే అనిపిస్తుంది. భాస్వరం మరీ కరువైతే ఉన్న కాస్త ఫాస్ఫోలిపిడ్‌ను, అంటే ఫాస్ఫేటు ఉన్న కొవ్వును కూడా తగ్గించుకుని, ఆ చోట గంధకం ఉన్న లిపిడ్‌ను పెంచుకుంటుంది.

ఇక చలి సంగతి. చలికాలంలో నెయ్యి గడ్డకడుతుంది, అవిసె నూనె కట్టదు. అవిసె నూనెలోని లినోలెనిక్ ఆమ్లమే ఈ గెలాక్టోలిపిడ్లలోనూ నిండుగా ఉంటుంది, వరిలో కూడా. మరి వరికి చలి ఎందుకు పడదంటే, చిక్కంతా పొరలో పదో వంతు ఉండే ఫాస్ఫాటిడిల్ గ్లిసరాల్ అనే ఫాస్ఫోలిపిడ్ దగ్గర. దాన్ని క్లోరోప్లాస్ట్ తన లోపలే తయారుచేసుకుంటుంది, మొదటి మెట్టులో ఒక ఎంజైమ్ ఏ కొవ్వు ఆమ్లాన్ని ఎంచుకుంటుందో దాన్నిబట్టి అది నెయ్యిలా గడ్డకట్టే రకమా, నూనెలా పలచగా ఉండే రకమా అన్నది తేలుతుంది. 1992లో జపాన్‌లో మురాతా బృందం పొగాకులో ఈ ఒక్క ఎంజైమ్ జన్యువును మార్చి చూసింది: గుమ్మడి జాతి జన్యువు పెడితే చలికి ఇంకా సున్నితమైంది, మీ క్యాబేజీ కుటుంబానికే చెందిన అరబిడాప్సిస్ అనే చిన్న మొక్క జన్యువు పెడితే తట్టుకుంది.

పొర బిగుసుకున్నప్పుడు అసలు దెబ్బ పొద్దున తగులుతుంది. ఆకు ఇంకా చల్లగా ఉండగానే ఎండ పడుతుంది, ఎండకు పాడైన ప్రోటీన్లను మార్చుకునే మరమ్మతు ఆ పొరలో నత్తనడకన సాగుతుంది. వేరు కూడా చల్లటి మట్టిలోంచి పోషకాలు సరిగా లాగలేదు, కాబట్టి మీరు వేసిన యూరియా నారుకు అందిందే తక్కువ.

నా ప్రాజెక్టులో మొదటి రెండు నెలలు, చల్లబరిచిన ఆకును నూరి, కొవ్వులను రకాలవారీగా విడదీసి చూపే క్రొమాటోగ్రఫీ ప్లేటు మీద పరిగెత్తిస్తే విడిపోయిన కొవ్వు ఆమ్లాల మచ్చ పెద్దగా వచ్చేది, అది చలి ప్రభావమే అని గట్టిగా నమ్మాను. మా గైడ్ మేడమ్ చలి తగలని ఆకును కూడా నూరి చూడమన్నారు. అదే మచ్చ! ఆకు నలిగిన క్షణం నుంచే దాని ఎంజైములు కొవ్వును కోసేస్తాయట. తర్వాత ఆకును ముందు వేడి ఐసోప్రొపనాల్ అనే ఆల్కహాల్‌లో వేసి ఆ ఎంజైములను ఆపేశాకే అసలు గెలాక్టోలిపిడ్లు ఊదారంగు చుక్కలుగా స్పష్టంగా కనబడ్డాయి. అప్పటినుంచి కనిపించిన మార్పుకు వెంటనే ఒక కారణం అంటగట్టను. మీరూ ముందు ఆకును దగ్గరగా చూడండి. తుప్పు రంగు మచ్చలుంటే అది జింకు లోపం, లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేట్ కలిపి పిచికారీ చేయాలి. మచ్చల్లేకుండా కొత్త ఆకు సహా అంతా పాలిపోయి ఉంటే చలినే అనుమానించాలి.

మా నాన్న చేసేది ఇదీ: సాయంత్రం మడిలో బోరు నీళ్లు నిలుపుతారు, అవి గోరువెచ్చగా ఉంటాయి, తెల్లారి చల్లబడ్డ నీళ్లు తీసేసి కొత్తవి పెడతారు. చలి మరీ ఎక్కువైన రాత్రులు కర్రలు పాతి, ఆకుకు తగలకుండా పాలిథిన్ షీటు కప్పి, పొద్దున్నే తీసేస్తారు. ఇప్పటికే పసుపెక్కిన ఆకును చూసి టెన్షన్ పడకండి, అందులో చాలావరకు మళ్లీ పచ్చబడదు. మధ్యలోంచి వచ్చే కొత్త ఆకు రంగు చూడండి, అది పచ్చగా వచ్చిందంటే నారు కోలుకున్నట్టే.