ఊరి చరిత్ర వెతకబోయే మేనకోడలికి

చి.ల.సౌ. అమ్మలుకు మామయ్య ఆశీస్సులు.

మీ నాన్నవాళ్ళ ఊరి చరిత్ర రాయాలని పూనుకున్నావట, సెలవు పెట్టి ఆర్కైవ్స్‌కి వెళ్తున్నావట. మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషం. అయితే బయలుదేరే ముందు ఒక్క సంగతి తెలుసుకో. అక్కడ ఊరి పేరు మీద ఫైలంటూ ఏదీ ఉండదు. కాగితాలన్నీ ఏ ఆఫీసులో పుట్టాయో ఆ ఆఫీసు పేరు కింద, ఏడాది వారీగా కట్టలు కట్టి ఉంటాయి. "మా ఊరి చరిత్ర కావాలండీ" అంటే వాళ్ళు మాత్రం ఏం తీసిస్తారు? "1860 ప్రాంతంలో నెల్లూరు కలెక్టరుకీ రెవెన్యూ బోర్డుకీ నడిచిన ఉత్తరాలు చూడాలి" అను, లేచి బీరువా దగ్గరికి వెళ్తారు.

నెల్లూరు ఎందుకంటావా? మీది ఒంగోలు పక్క పల్లె. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలోనే ఉండేది. ఆ తర్వాత గుంటూరులోకి వెళ్ళింది. 1970లో ఒంగోలే జిల్లా అయింది, అదే ఇప్పటి ప్రకాశం. ఊరు కదల్లేదు గానీ దాని కాగితాలు మూడు జిల్లాల పేర్ల కింద చెదిరిపోయాయి. ముందు ఇదంతా ఒక కాగితం మీద రాసుకో. మీ పల్లె సొంతంగా రెవెన్యూ గ్రామమా, ఇంకో ఊరి లెక్కలో కలిసిన శివారు పల్లెనా అన్నది కూడా కనుక్కో. శివారైతే రిజిస్టర్లో అసలు ఊరి పేరే ఉంటుంది, నీ ఊరి పేరు కోసం ఎంత వెతికినా కనపడదు. ఇంగ్లీషు ఇండెక్సుల్లో పాత స్పెల్లింగులే ఉంటాయని మరిచిపోకు. కృష్ణా జిల్లాని 'కిస్ట్నా' అనీ, ఏలూరుని 'ఎల్లోర్' అనీ రాసేవాళ్ళు.

ఆంధ్ర ప్రాంతానివి 1953కి ముందటి ప్రభుత్వ కాగితాలు చాలా చెన్నై ఎగ్మోరులో, తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. నీకు ముందు అక్కడే పని. నిజాం ఏలుబడిలోని ఊరైతే హైదరాబాదు తార్నాకలోని ఆర్కైవ్స్‌కి వెళ్ళమనేవాణ్ణి. అక్కడ ఫార్సీ, ఉర్దూ చదవగలిగినవాళ్ళు పక్కన లేకపోతే కష్టం.

అచ్చులో దొరికేదాని కోసం అంత దూరం పోవద్దు. బాస్వెల్ 1873లో వేసిన నెల్లూరు జిల్లా మాన్యువల్ ముందే చదివేసెయ్. కాలిన్ మెకంజీ అనే కంపెనీ అధికారి ఊరూరా రాయించిన గ్రామ చరిత్రలున్నాయి, వాటినే కైఫియత్తులంటారు. వాటి జాబితాలో మీ ఊరు ఉందేమో చూడు. ఉంటే అదృష్టమే, కానీ అందులో రాసిందంతా నిజమని పట్టుకోకు. ఊరి లెక్కలు రాసే కరణం దగ్గరున్న దండకవిలెల (పాత గ్రామ లెక్కల పుస్తకాల) నుంచి, పెద్దల నోటి నుంచి రాసుకున్నవవి. ప్రతాపరుద్రుడు ఫలానావారికి ఊరిచ్చాడని ఉంటే, ఆ మాట నమోదైతే మేలు ఎవరికో ఒకసారి ఆలోచించు.

నన్నడిగితే ఊరి చరిత్రకి ఇనాం రిజిస్టరుని, అంటే పన్ను లేకుండానో తక్కువ పన్నుకో ఇచ్చిన మాన్యం భూముల పట్టీని మించింది లేదు. 1858లో ఇనాం కమిషన్ వేసి, ఊరూరా మాన్యాల హక్కులు విచారించి రాసుకున్నారు. ఏ గుడికి ఎంత భూమి, ఎవరిచ్చారు, ఎప్పుడిచ్చారు, మొదట ఎవరి పేర ఇచ్చారు, ఇప్పుడు ఎవరు అనుభవిస్తున్నారు, అన్నీ గళ్ళు గళ్ళుగా ఉంటాయి. పూజారి, మంగలి, చాకలి, వెట్టి, ఎవరి మాన్యం వారిది. రాజుల కథల్లో కనపడని జనం ఇందులో పేర్లతో సహా కనపడతారు. ఆ రిజిస్టరు పేజీ మొత్తం ఎత్తి రాసుకో, అవసరమైన గడి ఒక్కటీ చాలనుకోకు. చివరి గడిలో అధికారి రాసిన రెండు ముక్కల్లోనే ఒక్కోసారి అసలు తగాదా బయటపడుతుంది.

మీ ఊరు జమీందారీలో ఉండేదేమో నాన్నని అడుగు. ఉండి ఉంటే రైతు వారీ లెక్కలు సర్కారు దగ్గర అంతగా ఉండవు, జమీ కచేరీలో ఉండేవి. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చాక జరిగిన సర్వే, సెటిల్‌మెంటు కాగితాల నుంచి వెనక్కి వెళ్ళాలి.

తేదీల దగ్గర జాగ్రత్త. ఫసలీకి, అంటే పాత రెవెన్యూ లెక్కల సంవత్సరానికి, 590 కలిపితే క్రీస్తుశకం వస్తుంది. ఫసలీ ఏడాది జులైలో మొదలవుతుంది కాబట్టి 1270 అంటే 1860-61. శక సంవత్సరానికైతే 78 కలుపు. ఒట్టి 'నందన' అని తెలుగు సంవత్సరం పేరే ఉంటే మాత్రం తొందరపడకు, ఆ పేరు అరవై ఏళ్ళకోసారి తిరిగొస్తుంది. అది 1832 కావచ్చు, 1892 కావచ్చు. పక్కన కరువు మాట ఉంటే గుంటూరు సీమని తుడిచిపెట్టిన 1832-33 డొక్కల కరువేమో చూడు. కలెక్టరు పేరు గానీ, తాసిల్దారు పేరు గానీ దొరికితే ఏడాది తేలిపోతుంది.

చదవడానికి మొదటే బాగా పాత కట్ట తీయించుకోకు. ఇది చాలామంది వినరు. కరణాల గొలుసుకట్టు రాతలో అక్షరం మీద అక్షరం ఎక్కి, కలం ఎత్తకుండా సాగిపోతుంది, అంకెలు తెలుగువి, భిన్నాలకి వీసాల (పదహారో వంతుల) లెక్క. 1930ల నాటి అడంగల్, అంటే ఏ పొలంలో ఎవరు ఏం పండించారో రాసే ఊరి లెక్క, ముందు చూడు. పొలాల పేర్లు, ఇంటిపేర్లు, చెరువు పేరు కంటికి అలవాటైతే, అవే పేర్లు వందేళ్ళ కిందటి కట్టలో కనపడగానే గుర్తుపడతావు.

మిగతావి మామూలే. గుర్తింపు కార్డు, కాలేజీ నుంచి పరిచయ పత్రం, పెన్సిల్. ఇంకు పెన్ను బయటికి తీయకు, వేలు తడిచేసి పేజీ తిప్పకు, ఫొటో తీసుకోవచ్చా అని అడిగే తీసుకో. స్లిప్పు రాసిచ్చాక కట్ట రావడానికి టైము పడుతుంది, అందుకని పొద్దున్నే రెండు మూడు స్లిప్పులు ఇచ్చేసెయ్. కట్టలు మోసుకొచ్చే అటెండరుతో మర్యాదగా మాట్లాడు. ఏ గదిలో ఏముందో కేటలాగు కన్నా ఆయనకే బాగా తెలుసు. నోట్సులో ప్రతి పేజీ నెత్తిన శాఖ, సంపుటం నంబరు, పేజీ, తేదీ రాసుకో. అవి లేని నోట్సుని రేపు ఎవరూ ఒప్పుకోరు, నువ్వూ మళ్ళీ ఆ కాగితం దాకా వెళ్ళలేవు.

ఇంకోటి. 1984లో కరణాల ఉద్యోగాలు తీసేసినప్పుడు లెక్కలన్నీ ఆఫీసుకి చేరాయనుకోకు. మీ ఊరి పాత కరణంగారి ఇంట్లో అటక మీద ఏమైనా ఉన్నాయేమో, చెన్నై టికెట్టు కొనకముందే నాన్నతో వెళ్ళి అడిగి రా. గొలుసుకట్టు కొరుకుడు పడకపోతే వాట్సాప్‌లో పంపు. పేజీ మొత్తం పంపు, ముక్క కాదు.

ఇట్లు
మామయ్య