సోలర్‌లో ఫిల్టర్ క్యాష్ పనిచేయట్లేదా? ముందు తేదీ ఫిల్టర్ చూడండి

సెర్చ్ సాఫ్ట్‌వేర్ అపాచీ సోలర్‌లో ఫిల్టర్ క్యాష్ (ఒకసారి లెక్కేసిన ఫిల్టర్ ఫలితాలను దాచుకునే చోటు) సైజు ఎంత పెంచినా హిట్ రేషియో (దాచినదే మళ్లీ పనికొచ్చిన శాతం) సున్నా దగ్గరే ఉంటోందని అడిగారు. మీ తేదీ ఫిల్టర్ 'నౌ-7డేస్ టు నౌ' (ఈ క్షణం నుంచి వెనక్కి 7 రోజులు) అని ఉంది కదా, తేడా అక్కడే ఉంది. సైజు ఇక పెంచకండి.

వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు వచ్చే మిర్చి, పత్తి లాట్లు వెతుక్కునే యాప్‌కు సెర్చ్ నేనే రాశాను. మిర్చి సీజన్‌లో వేలం మొదలయ్యే వేళకు అడ్తిదారులంతా ఒక్కసారే ఫోన్లు తీసేవాళ్లు, సర్వర్ నిలిచిపోయేది. ఆ నెల రోజులు పొద్దున లేస్తే టెన్షనే. చివరికి లాగ్‌లోంచి రెండు క్వెరీలు తీసి పక్కపక్కన పెట్టుకున్నాను. అక్షరం తేడా లేదు. కానీ నౌ అంటే సోలర్ మిల్లీసెకను దాకా లెక్కేస్తుంది. అంటే ప్రతి క్వెరీ దానికి కొత్త ఫిల్టరే. మళ్లీ ఎప్పటికీ పనికిరానిదాన్ని దాచుకుని, రోజంతా పనికొచ్చే 'తేజ రకం' మిర్చి ఫిల్టర్‌ను బయటికి నెట్టేస్తోంది.

'నౌ/డే-7డేస్ టు నౌ/డే+1డే' అని రాయండి. /డే అంటే సమయాన్ని ఆ రోజు మొదటికి దించుతుంది కాబట్టి, రోజంతా ఒకటే ఫిల్టర్ అవుతుంది. టీజెడ్ (టైమ్‌జోన్) పారామీటర్‌లో ఏషియా/కోల్‌కతా ఇవ్వడం మాత్రం మరవొద్దు. లేకపోతే యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) లెక్కన మనకు తెల్లవారుజామున 5:30కి గానీ రోజు మారదు. నేను మరిచాను. నాలుగింటికే యార్డుకు వచ్చిన ఒకాయన ఫోన్ చేసి, "ఈ లాట్ నిన్ననే అమ్ముడువోయింది గదా, ఈరోజుదని చూపిస్తుందేంది?" అన్నాడు.

రకం, యార్డు, తేదీ మూడింటినీ యాండ్‌తో ఒకే ఎఫ్‌క్యూ (ఫిల్టర్ క్వెరీ)లో కలపకండి, విడివిడిగా ఇవ్వండి. 10 రకాలు, 5 యార్డులు కలిపి రాస్తే 50 ఎంట్రీలు కావాలి, విడిగా రాస్తే 15 చాలు. ఒక్కో ఎంట్రీకి డాక్యుమెంట్‌కు ఒక బిట్ దాకా పడుతుంది. 80 లక్షల డాక్యుమెంట్లుంటే దాదాపు 1 ఎంబీ, అలాంటివి 512 అంటే అర జీబీ హీప్ (సోలర్ వాడుకునే మెమరీ). ఒక్క రైతుకే సంబంధించిన ఫిల్టర్లకు క్యాష్=ఫాల్స్ పెట్టేయండి, వాటిని దాచుకోదు.

కమిట్‌తో (కొత్త డేటాను సెర్చ్‌లోకి తేవడం) కొత్త సెర్చర్ (ఆ డేటాలో వెతికే భాగం) తెరుచుకున్న ప్రతిసారీ పాత క్యాష్ పోతుంది. మేం 5 సెకన్లకోసారి చేసేవాళ్లం, నిమిషానికి మార్చి ఆటోవార్మ్ (పాత క్యాష్‌లోని ఫిల్టర్లను కొత్తదానిలో ముందే నింపడం) పెట్టాం. హిట్ రేషియో కూడా అప్పుడే సున్నాకు వెళ్తుంది కాబట్టి, మార్పులు చేశాక క్యుములేటివ్ హిట్ రేషియో (కమిట్‌తో సున్నా కాకుండా కలుపుకుంటూ పోయే లెక్క) చూడండి.