నైజీరియా జనాభా: రెండు అంకెల్లో ఏది వేయాలి?

2023కి నైజీరియా జనాభా ఒకచోట 22.38 కోట్లు, ఇంకోచోట 22.79 కోట్లు అని ఉంది, ప్రాజెక్టులో ఏది వేయాలని అడిగారు కదా. టెన్షన్ పడకండి, రెండూ ఐక్యరాజ్యసమితి అంకెలే. మొదటిది 2022లో వచ్చిన అంచనాల్లోది, రెండోది 2024లో సవరించినది. కొత్తదే వాడండి. పక్కనే "2024 సవరణ" అని రాయండి.

అసలు చిక్కు ఎక్కడంటే, అక్కడ చివరిసారి జనాభా లెక్కలు తీసింది 2006లో. అప్పుడు తేలింది 14.04 కోట్లు. 2023లో మళ్లీ తీయాలనుకుని వాయిదా వేశారు. కాబట్టి ఇప్పుడు మనం చూసేదంతా పాత లెక్కకి జననాలు, మరణాలు, వలసలు కలిపి తీసివేసి కట్టిన అంచనా. పునాది కాస్త కదిలితే పైన నలభై లక్షల తేడా రావడం వింతేమీ కాదు. పైగా అక్కడ తలల లెక్క అంటే రాష్ట్రాలకు నిధులు, సీట్లు. అందుకే ప్రతిసారీ గొడవే. 1973 లెక్కల్నైతే ఏకంగా రద్దు చేశారు. 2006లో మతం, తెగ అనే ప్రశ్నలే అడగలేదు. ఆ ఏడాది అంకెతో మతాలవారీ చార్టు ఎక్కడైనా కనిపిస్తే నమ్మకండి.

ఇంకొకటి, మీ గ్రాఫులో 2006 లెక్కనీ 2023 అంచనానీ ఒకే గీతగా కలపొద్దు. 2006 దగ్గర చుక్క పెట్టి, తర్వాతది చుక్కల గీతగా గీయండి.