ఇంజిన్ మౌంటింగ్ మార్చే ముందు జాబ్ కార్డు రాయించండి

ప్రశ్న: నా స్పోర్ట్స్ కారుకు రెండేళ్లు నిండాయి. కంపెనీ వారంటీ ఇంకో ఏడాది ఉంది. ఫ్రంట్ వీల్ డ్రైవ్, టర్బో ఇంజిన్, మాన్యువల్ గేర్లు. ఫస్ట్ నుంచి సెకండ్ గేరుకు గట్టిగా లాగినప్పుడు ఇంజిన్ ఊగి ‘దడ్’మంటోంది. ఈ మధ్య ఇది ఎక్కువైంది. బయట దొరికే పాలీయురెథేన్ మౌంటింగ్‌లు, టార్క్ బ్రేస్ వేయిద్దామనుకుంటున్నాను. సర్వీస్ సెంటర్‌లో అడిగితే ‘వేయించిన రోజే వారంటీ మొత్తం పోతుంది’ అన్నారు. మెకానిక్ మాత్రం ‘ఇవేవీ ఆర్‌సీలో ఉండవు, ఎవరూ పట్టించుకోరు’ అంటున్నాడు. ఎవరి మాట నమ్మాలి? ఇన్సూరెన్స్‌కు ఇబ్బంది వస్తుందా? ఏ రకం ఎంచుకుంటే చట్టప్రకారం చిక్కు ఉండదు? ఎప్పుడైనా ట్రాక్ మీద నడపాలని కూడా ఉంది.

జవాబు: మీ ఉత్తరంలో ‘ఈ మధ్య ఎక్కువైంది’ అన్న మాట దగ్గర నేను ఆగాను. కొత్తలో లేని ఊపు రెండేళ్లకు వచ్చిందంటే, కంపెనీ వేసిన మౌంటింగ్‌లోనే, అంటే ఇంజిన్‌ను బాడీకి పట్టి ఉంచి అదురును మింగే భాగంలోనే, రబ్బరు చిరిగి ఉండవచ్చు. లోపల ద్రవం నింపిన రకమైతే ఆ ద్రవం కారిపోయి ఉండవచ్చు. అదే నిజమైతే ఆ భాగాన్ని మీ ఖర్చుతో మార్చుకునే ముందు, వారంటీ కింద మార్చి ఇమ్మని అడిగే హక్కు మీకుంది. వారంటీ పుస్తకంలో ‘అరుగుదల భాగాలు’ అని ఒక జాబితా ఉంటుంది. అందులో మౌంటింగ్ పేరు ఉందో లేదో ఈ రోజే చూడండి. లేకపోతే మీ వాదనకు బలం ఉన్నట్టే. ఇదేమీ చూసుకోకుండా పాతది విప్పి పారేసి కొత్తది బిగించారంటే, లోపం ఉందని చూపించే సాక్ష్యాన్ని మీరే తీసేసినట్టవుతుంది.

అందుకని ముందు సర్వీస్ సెంటర్‌కు వెళ్లి జాబ్ కార్డు, అంటే కారు తీసుకునేటప్పుడు వాళ్లు ఫిర్యాదు రాసుకునే కాగితం, రాయించండి. అందులో మీ ఫిర్యాదు మీ మాటల్లోనే ఉండాలి: ‘ఫస్ట్ నుంచి సెకండ్‌కు మారేటప్పుడు ఇంజిన్ ముందుకూ వెనక్కూ ఊగి శబ్దం వస్తోంది, రెండు నెలలుగా పెరిగింది.’ కౌంటర్ దగ్గర హడావిడిలో ‘జనరల్ చెకప్, నాయిస్’ అని రెండు ముక్కలు రాసి సంతకం పెట్టమంటారు. ఆ రెండు ముక్కల మీద సంతకం పెట్టి, ఏడాది తర్వాత ఏ లోపం గురించి చెప్పారో నిరూపించలేక చిక్కుల్లో పడ్డవాళ్లను చాలామందిని చూశాను. కార్డులో ఫిర్యాదు రాసే గడి చదివి, సరిగ్గా లేకపోతే దిద్దించి, ఆ తర్వాతే సంతకం పెట్టండి. చూసి ‘ఇది నార్మలే’ అన్నారా, ఆ మాటే కార్డు మీద రాసిమ్మనండి. రాయకపోతే అదే రోజు ఈమెయిల్ పెట్టండి. నిజంగా లోపమే ఉండి మార్చనంటే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. వివాదం తలెత్తిన రోజు నుంచి రెండేళ్ల గడువు ఉంటుంది. వినియోగదారుల రక్షణ చట్టం 2019లోని 38వ సెక్షన్ ప్రకారం, పరీక్షిస్తే తప్ప తేలని లోపమైతే కమిషన్ ఆ వస్తువును ల్యాబ్‌కు పంపించగలదు. ల్యాబ్‌కు పంపాలంటే ఆ భాగం ఉండాలి కదా!

మౌంటింగ్‌లు బాగానే ఉన్నాయని తేలి, అప్పుడు కూడా మీరు గట్టివి వేయించుకోవాలనుకుంటే మిగతా సంగతులు చూద్దాం.

మీ మెకానిక్ మాటలో సగం నిజం ఉంది. మోటారు వాహనాల చట్టం 1988లో 52వ సెక్షన్ ప్రకారం, ఆర్‌సీలో నమోదైన వివరాలు తయారీదారు మొదట చెప్పిన వివరాలతో తేడా పడేలా వాహనాన్ని మార్చకూడదు. ‘మార్పు’ అంటే ఏమిటో అదే సెక్షన్‌లో వివరణ ఉంది: వాహన నిర్మాణంలో చేసిన మార్పు వల్ల దాని ప్రాథమిక లక్షణం మారితే అది మార్పు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కె.జయచంద్ర కేసులో ఈ సెక్షన్‌ను గట్టిగా వ్యాఖ్యానించింది. ఆర్‌సీలో నమోదు కోసం తయారీదారు ఇచ్చిన అసలు స్పెసిఫికేషన్లను మార్చడానికి వీల్లేదని చెప్పింది. ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు, సీసీ, ఇంధనం, బాడీ రకం, సీట్ల సంఖ్య వంటివి ఆర్‌సీలో ఉంటాయి. ఇంజిన్‌ను పట్టి ఉంచే రబ్బరు ఎంత మెత్తన అన్నది అందులో ఉండదు. కాబట్టి ఉన్న చోటే, ఉన్న బోల్టు రంధ్రాలకే బిగించే మౌంటింగ్ ఈ నిషేధంలోకి రాదని నా అభిప్రాయం.

మిగతా సగం టార్క్ బ్రేస్ దగ్గర తప్పుతుంది. ఈ కడ్డీ ఒక కొన ఇంజిన్ పైభాగానికి, రెండో కొన సాధారణంగా సస్పెన్షన్ స్ట్రట్ టవర్‌కు, అంటే సస్పెన్షన్ పైకొన కూర్చునే బాడీ భాగానికి, బిగుస్తుంది. ఉన్న బోల్టుల మీదే కూర్చునే డిజైన్ అయితే పేచీ లేదు. టవర్‌కు కొత్తగా రంధ్రాలు వేయాలన్నా, ఇంజిన్ కింద ఉండే సబ్‌ఫ్రేమ్ చట్రానికి బ్రాకెట్ వెల్డింగ్ చేయాలన్నా ఒప్పుకోకండి. అప్పుడు మీరు చెయ్యి వేసింది వాహన నిర్మాణం మీద. అది ప్రాథమిక లక్షణాన్ని మార్చిందా లేదా అన్న వాదన ఆ తర్వాత సంగతి, ముందు ఆ వాదనకు చోటిచ్చింది మీరే అవుతారు. మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణతో వచ్చిన 182ఎ(4) సెక్షన్ ప్రకారం, అనుమతి లేని విధంగా వాహనాన్ని మార్చిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. భాగాలు అదనంగా బిగించడం కూడా ఇందులోకి వస్తుందని సెక్షన్‌లోనే రాశారు. పైగా రంధ్రం వేసిన చోట తుప్పు పట్టిందంటే బాడీ తుప్పు మీద ఉన్న వారంటీ కూడా చేజారుతుంది.

ఇక వారంటీ. ఆ సవరణలోనే 52వ సెక్షన్‌కు ఒక నిబంధన చేర్చారు: మార్పుల విషయంలో కేంద్రం నిర్దేశాలు ఇచ్చిన చోట, ఆ మార్పు కారణంగా తయారీదారు వారంటీ రద్దయినట్టు కాదు. ఇది చదివి ‘ఏ మార్పు చేసినా వారంటీ ఉంటుంది’ అని చాలామంది ధైర్యంగా చెప్తున్నారు. అది తప్పు. నిర్దేశాలకు లోబడి చేసిన మార్పులకే ఆ రక్షణ వర్తిస్తుంది. మీరు సొంతంగా కొని బిగించే మౌంటింగ్‌కు దాన్ని నమ్ముకోవద్దు. మీకు ఆధారం వారంటీ పుస్తకంలోని వాక్యాలే. చాలా వారంటీలు ‘మార్పు వల్ల కలిగిన నష్టం’ వర్తించదని చెప్తాయి. సర్వీస్ సెంటర్ దాన్ని ‘మార్పు చేసిన వాహనం’ అని చదివేస్తుంది. ఆ రెండు మాటలకూ చాలా తేడా ఉంది. మినహాయింపు ఉందని చెప్పేవాళ్లే ఆ నష్టం ఆ మార్పు వల్లే వచ్చిందని చూపించాలి. మౌంటింగ్ మార్చారని ఏసీ కంప్రెసర్‌కో పవర్ విండోకో వారంటీ లేదంటే అది నిలవదు.

అయితే మౌంటింగ్‌తో ముడిపడిన భాగాల జాబితా చిన్నదేమీ కాదు. గేర్‌బాక్స్ కేసింగ్, క్లచ్, డ్రైవ్ షాఫ్ట్ జాయింట్లు, ఎగ్జాస్ట్‌లో వంగే గొట్టం, ఇంజిన్ బ్రాకెట్లు, రేడియేటర్ హోస్‌లు, నాక్ సెన్సర్. వీటిలో ఏది పోయినా కంపెనీ వేలు మీ మౌంటింగ్ వైపు చూపిస్తుంది, ఆ వాదనలో పస కూడా ఉంటుంది. మెత్తని రబ్బరు మింగే అదురును గట్టి మౌంటింగ్ నేరుగా బ్రాకెట్‌కు, బాడీకి పంపిస్తుంది. ఇంజిన్‌లో నాక్ (ఇంధనం వేళ తప్పి మండినప్పుడు వచ్చే దెబ్బ) వచ్చిందేమోనని వినే సెన్సర్ ఆ అదురును నాక్ అనుకుని ఇగ్నిషన్ టైమింగ్ వెనక్కి లాగవచ్చు. అంటే ఎంత గట్టి భాగం వేస్తే, రేపు కంపెనీకి అంత గట్టి వాదన దొరుకుతుంది.

అందుకే ఏ రకం ఎంచుకోవాలన్న మీ ప్రశ్నకు వకీలుగా కూడా నా దగ్గర జవాబు ఉంది. పాలీయురెథేన్ గట్టిదనాన్ని షోర్ ఎ అనే స్కేలులో చెప్తారు. 60 చుట్టుపక్కల ఉన్నవి రోజువారీ వాడకానికి దగ్గరగా ఉంటాయి. 90 దగ్గరకు వెళ్తే కారు ఆగి ఇంజిన్ ఐడిల్‌లో ఉన్నప్పుడే స్టీరింగ్ చేతుల్లో అదురుతుంది. రబ్బరే లేని అల్యూమినియం మౌంటింగ్‌లు రేసు కార్ల కోసం, రోడ్డు కారుకు వద్దు. మీది ఫ్రంట్ వీల్ డ్రైవ్ కాబట్టి ఇంజిన్ సాధారణంగా అడ్డంగా ఉంటుంది. గట్టిగా లాగినప్పుడు దాని మెలికను ఆపే పని చాలావరకు కింద ఉండే టార్క్ మౌంటింగ్ చేస్తుంది, మెకానిక్‌లు డాగ్‌బోన్ అంటారే, అది. ముందు అదొక్కటే మార్చి చూడండి. మీరు చెప్పిన ‘దడ్’ శబ్దం అక్కడే తగ్గే అవకాశం ఎక్కువ, బరువును మోసే మౌంటింగ్‌లు కంపెనీవి కంపెనీవిగానే ఉంటాయి. అది చాలితే బ్రేస్ అవసరమే రాదు. చట్టం లెక్కలో కూడా ఒక్క భాగం, రెండు మూడు బోల్టులు, అరగంటలో పాతది తిరిగి వేసుకోగలిగే పని. ఇంతకన్నా తేలిగ్గా సమర్థించుకోగలిగే మార్పు ఇందులో లేదు.

డబ్బా మీద రాసింది కూడా చదవండి. చాలా భాగాల మీద ‘రేసు వాడకానికి మాత్రమే’, ‘రోడ్డు వాడకానికి కాదు’ అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. అది వేసుకుని రోడ్డు మీద తిరిగితే, ఆ భాగం విరిగినప్పుడు దాని తయారీదారు మీద వేసే కేసు సగం బలహీనపడిపోతుంది, హెచ్చరించాం కదా అంటారు. ఇన్సూరెన్స్ వాళ్ల చేతికి కూడా అదే కాగితం వెళ్తుంది. రోడ్డు వాడకానికి తగినదని తయారీదారు రాతపూర్వకంగా చెప్పిన భాగమే కొనండి. అలా చెప్పి, ఆ మాటకు తగ్గట్టు లేకపోతే, వినియోగదారుల రక్షణ చట్టం 2019లోని 84వ సెక్షన్ కింద తయారీదారును బాధ్యుణ్ని చేయవచ్చు. లోపంతో బిగించిన గ్యారేజీ మీద 85వ సెక్షన్ ఉంది. అదే చట్టంలో 87వ సెక్షన్ మీకు ఎదురు తిరిగేది: నష్టం జరిగినప్పటికి ఆ వస్తువును మార్చి ఉంటే దాన్ని అమ్మినవారి మీద ప్రొడక్ట్ లయబిలిటీ (వస్తువు లోపం వల్ల కలిగిన నష్టానికి పరిహారం కోరే) కేసు నడవదు. మీ కారు అమ్మిన డీలరు ఎత్తిచూపేది ఈ సెక్షన్‌నే.

ఇన్సూరెన్స్ విషయంలో దాచిపెట్టడం వల్ల వచ్చే నష్టం, చెప్పడం వల్ల వచ్చే దానికన్నా చాలా ఎక్కువ. ఫలానా భాగం, ఫలానా తేదీన, నిర్మాణంలో కోత, వెల్డింగ్ లేకుండా బిగించామని ఒక ఈమెయిల్ పంపి, జవాబు దాచుకోండి. ఆ భాగం విలువ కూడా కవర్ కావాలంటే పాలసీలో విడిగా చేర్పించాలి. చెప్పకపోయినంత మాత్రాన ప్రతి క్లెయిమూ పోతుందని కాదు. 1996లో బి.వి.నాగరాజు కేసులో సుప్రీంకోర్టు, వాహనంలో అనుమతికి మించి మనుషులున్నా ఆ ఉల్లంఘన ప్రమాదానికి కారణం కానప్పుడు క్లెయిమ్ తోసిపుచ్చడం కుదరదని చెప్పింది. 2010లో అమలేందు సాహు కేసులో, షరతు ఉల్లంఘన ఉన్నా పూర్తిగా తిరస్కరించకుండా 75 శాతం చెల్లించమంది. వెనక నుంచి లారీ గుద్దితే మీ మౌంటింగ్‌కూ దానికీ సంబంధమేముంది? అలా తిరస్కరిస్తే ఏడాదిలోపు బీమా ఫిర్యాదులు వినే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లండి, ఫీజు ఉండదు. అదే బ్రేస్ ఊడి హోస్‌ను కోసి ఇంజిన్ వేడెక్కి పోయిందనుకోండి, ఈ తీర్పులు మీకు పనికిరావు.

ట్రాక్ సంగతి మాత్రం మొహమాటం లేకుండా చెప్పాలి. ప్రైవేటు కారు పాలసీల్లో ‘వాడకం పరిమితులు’ అన్న చోట వ్యవస్థీకృత రేసింగ్, స్పీడ్ టెస్టింగ్ మినహాయించి ఉంటాయి. ఆ రోజు అక్కడ జరిగిన నష్టానికి మీ పాలసీ రాదు. ట్రాక్ నిర్వాహకుల దగ్గర విడిగా బీమా ఉందేమో ముందే అడగండి. ట్రాక్‌కు వెళ్లినట్టు తెలిస్తే వారంటీ వాళ్లు కూడా దాన్నే పట్టుకుంటారు. రోడ్డు మీద పందెం అయితే మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద నేరం, మొదటిసారికే మూడు నెలల వరకు జైలు ఉంది.

ఇంతకుముందు నా దగ్గరికి ఒకరు గేర్‌బాక్స్ కేసింగ్ పగిలిన కారుతో వచ్చారు. కంపెనీ ఇచ్చిన తిరస్కరణ లేఖ రెండే లైన్లు, కారణం కూడా రాయలేదు. గెలవాల్సిన కేసే. కానీ గ్యారేజీ బిల్లు మీద ‘లేబర్’ అని ఒక్క మాట, కింద మొత్తం అంకె. ఏ భాగం వేశారు, ఎంత గట్టిది, ఎన్ని కిలోమీటర్ల దగ్గర, ఏదీ లేదు. పాత మౌంటింగ్‌లు తుక్కులో వేసేశారు. పగుళ్లు ముందే ఉన్నాయో తర్వాత వచ్చాయో చెప్పడానికి మా చేతిలో ఏమీ లేకపోయింది. చివరికి సగానికి రాజీ పడ్డాం. ఆ సగం గుర్తొస్తే ఇప్పటికీ బాధేస్తుంది.

మీరు బిల్లు మీద భాగం పేరు, పార్ట్ నంబరు, తేదీ, ఓడోమీటర్ రీడింగ్, బోల్టులు కంపెనీ చెప్పిన టార్క్‌కే బిగించామన్న మాట రాయించుకోండి. మౌంటింగ్ బోల్టులు కొన్ని ఒక్కసారి వాడి పారేయాల్సినవి ఉంటాయి, కొత్తవి వేసి ఉంటే అదీ రాయాలి. విప్పే ముందు, బిగించాక ఫొటోలు తీయండి. పాత మౌంటింగ్‌ను బోల్టులతో సహా సంచిలో వేసి, మీద తేదీ రాసి ఇంట్లో పెట్టండి. వారంటీ ముగిసేదాకా, లేదా కారు అమ్మేదాకా. అమ్మేటప్పుడు ఆ సంచి కొనేవాళ్ల చేతికే ఇచ్చి, ఇచ్చినట్టు అమ్మకం పత్రంలో ఒక వాక్యం రాయించండి.