ఆరాధనకు ఆధారం వెతికేవాళ్ళు 1 కొరింథీ 14 మొత్తం చదవాలి

మీ సంఘంలో కొత్తగా డ్రమ్ములు పెట్టారని, వాటికి కొత్త నిబంధనలో ఆధారం ఎక్కడుందని అడిగారు. ఆధారం అడగడం మంచిదే. కానీ మనవాళ్ళు అసలు అడగాల్సిన చోట అడగరు. నా బాధ అదే.

మాది పర్లాకిమిడి. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు మా ఊరు ఇటు వచ్చింది, చుట్టాల్లో చాలామంది ఇప్పటి ఆంధ్రలోని పాతపట్నం వైపు ఉండిపోయారు. గుడిలో ఆరాధన మాత్రం ఇప్పటికీ తెలుగులోనే. 1833లో కటకంలో బాప్తిస్మం తీసుకుని, ఇన్ని తెలుగు కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరి గారిది ఈ ప్రాంతమే. ఆ గర్వం మా అందరికీ ఉంది.

మా దగ్గరా ఇదే గొడవ వచ్చింది. ఆదివారం ఆరాధన అయ్యాక సంఘ కూటం పెట్టారు. బైబిల్ శిక్షణకు వెళ్ళొచ్చిన ఒక తమ్ముడు లేచి కొత్త నిబంధన పత్రికల్లోంచి ఎఫెసీ 5:19, కొలొస్సీ 3:16 చదివాడు. పాడమన్నారే గాని వాయించమనలేదు కదా అన్నాడు. వెంటనే ఒక పెద్దాయన 150వ కీర్తన తీశారు. తంబుర, సితారా, మ్రోగు తాళాలు ఇన్ని ఉన్నాయి కదా అన్నారు. అది పాత నిబంధన అని ఇతను, అయితే మనం ఇచ్చే దశమభాగం, అంటే రాబడిలో పదో వంతు, ఎక్కడిదని ఆయన. మధ్యాహ్నం భోజనాల వేళ దాటిపోయింది. పిల్లలు బెంచీల మీదే నిద్రపోయారు.

మా తమ్ముడి భార్య నా పక్కనే కూర్చుంది. మోహనా వైపు ఒడియా ఇంటి పిల్ల. ఒళ్ళో ఒడియా బైబిల్, వాళ్ళు చెప్పిన ప్రతి వచనమూ తీసి వేలు పెట్టి వెతుక్కుంటోంది. చివరికి నా చెయ్యి గిల్లి, "వదినా, ఇంతకీ ఏమంటున్నారు?" అంది. పెళ్ళై వచ్చినప్పటి నుంచి ప్రతి ఆదివారం ఆ అమ్మాయి ప్రసంగమంతా అలాగే కూర్చుంటోందని నాకు అప్పుడు తట్టింది. వంటింటి తెలుగు వచ్చు గాని, గుడిలో చదివే గ్రాంథికం ఎలా అర్థమవుతుంది? ఒడియా మీడియంలో చదివే మా పిల్లలకే సగం అర్థం కాదు.

నేను లేచి పౌలు కొరింథు సంఘానికి రాసిన మొదటి పత్రిక, 1 కొరింథీ 14:16 చదివాను. నువ్వు చెప్పేది తెలియనివాడు ఆమేన్ ఎలా అంటాడని పౌలు అడుగుతున్నాడు. 19వ వచనంలో అర్థంకాని పదివేల మాటల కన్నా అర్థమయ్యే అయిదు మాటలు మేలంటాడు. అక్కడ మాట భాషల వరం గురించే, అంటే ఆత్మ ప్రేరణతో తెలియని భాషల్లో మాట్లాడడం గురించే, నిజమే. కానీ దానికి ఆయన చెప్పిన కారణం మన గుడికీ అంతే వర్తిస్తుంది. "ఇక్కడ ఆమేన్ అనలేనివాళ్ళు ఉన్నారు, దానికి ఆధారం చూపించండి" అన్నాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత పాస్టరు అయ్యగారు ఒప్పుకున్నారు. ఇప్పుడు వాక్యం తెలుగులో చదివాక అదే భాగం ఒడియాలోనూ చదువుతారు, ప్రసంగం ముఖ్యాంశాలు ఒకరు ఒడియాలో చెప్తారు. ఇది చాలదని నా అభిప్రాయం, సవర భాష మాట్లాడే గిరిజన కుటుంబాల సంగతి ఇంకా ఎవరూ పట్టించుకోలేదు.

ఇక ఆధారం ఎలా వెతకాలంటారా? ఆజ్ఞ ఉందా, అపొస్తలుల మాదిరి ఉందా, వాక్యం నుంచి తప్పనిసరిగా తేలే అర్థం ఉందా అని కొందరు మూడు రకాలుగా చూస్తారు. జయపురం వైపు లూథరన్లు వాక్యానికి విరుద్ధం కానిది చేసుకోవచ్చంటారు. నేను మొదటి పద్ధతి వైపే. కానీ దాన్ని నిజాయితీగా వాడాలి. అపొస్తలుల కార్యములు 20:7 చూపించి ఆదివారం రొట్టె విరవాలంటాం. తర్వాతి వచనంలోనే వాళ్ళు మేడగదిలో కూడుకున్నారని ఉంది, దాన్ని మాత్రం ఎవరూ నియమం చెయ్యరు. యోహాను 13:14లో ఒకరి పాదాలు ఒకరు కడగమని ప్రభువే చెప్పాడు, ఎన్ని సంఘాలు చేస్తున్నాయి? కానుకలకు 1 కొరింథీ 16:2 చదువుతారు. ఆ డబ్బు యెరూషలేములోని పేద విశ్వాసుల కోసం పోగుచేసింది. మన దగ్గర అదే వచనం చదివి టైల్స్ వేయిస్తారు, విధవరాళ్ళకు బియ్యం ఇవ్వడానికి మాత్రం నిధి లేదంటారు. ఇది చూస్తే నాకు కడుపు మండుతుంది.

మీ డ్రమ్ముల సంగతికొస్తే, ఆజ్ఞా లేదు, నిషేధమూ లేదు. అదే 1 కొరింథీ 14వ అధ్యాయం 7, 8 వచనాల్లో పిల్లనగ్రోవి, వీణ, బూర గురించి ఉంది. ధ్వని స్పష్టంగా లేకపోతే ఏం వాయించారో ఎలా తెలుస్తుందని పౌలు అడుగుతాడు. డ్రమ్ముల మోతలో పాట మాటలు వినబడకపోతే సౌండ్ తగ్గించమనండి. అప్పటికీ వినబడకపోతే ఆ పాటకు డ్రమ్ములు ఆపెయ్యమనండి.